లేపెయ్ అన్నందుకు మందమర్రి దాకా

పొద్దున ఆరు నలభైకి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గానీ ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకోండి. నేను సంచీ అడుగున వెతుక్కుంటుంటే కండక్టర్ పాపం ఓపికగా నిలబడ్డాడు. నా ప్రయాణం మందమర్రికి, ఖాజా మేస్త్రి దగ్గరికి. తప్పు ఒప్పుకుని, వీలైతే ఆయన్ని మళ్లీ పనికి పిలుచుకురావాలని.

పాత ఇళ్లను బాగుచేసి, గదులు పెంచి ఇచ్చే పని నాది. పదకొండేళ్లు ఖాజా భాయే నా పెద్ద మేస్త్రి. డిప్లొమా కాగితం నాది, పనితనం ఆయనది. గోడను వేలి కణుపుతో తట్టి లోపల ఉన్నది ఇటుకో, మట్టో చెప్పేవాడు.

ఏడాది కిందట చొప్పదండిలో ఒకావిడ, వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న అరగోడను పైకప్పు దాకా పెంచమంది. నేను కరీంనగర్ నుంచే ఫోన్ చేసి, "భాయ్, గా అరగోడ లేపెయ్" అన్నాను. మా దగ్గర గోడ లేపడమంటే కట్టడం. లేపెయ్యడమంటే తీసిపారెయ్యడం కూడా. నేను ఒకటనుకుని అన్నాను, ఆయన ఇంకొకటి విన్నాడు. సాయంత్రం వెళ్లేసరికి గోడ లేదు. ఆ ఇంటావిడ తల్లి తన చేత్తో మట్టితో తీర్చిన గూళ్లు అందులో ఉండేవట. ఆమె ఏడుస్తుంటే భయపడి, "నేను కట్టుమన్న, మేస్త్రే కూలగొట్టిండు" అనేశాను. మాట నాదేనని తెలిసీ అన్నాను. ఖాజా భాయ్ తాపీ కడుక్కుని, సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఇంకో మేస్త్రిని పంపి గోడ కట్టించాను గానీ, ముఖం చెల్లక నేను మాత్రం ఆ ఇంటికి పోలేదు.

తర్వాత మంచి మేస్త్రీలే దొరికారు. అయినా ఏ పాత ఇంట్లో అడుగుపెట్టినా ఆయన గోడ తట్టే చప్పుడు కోసం చెవి ఎదురుచూస్తుంది. ఆ మనిషి మీద బెంగ తీరలేదు.

పెద్దపల్లిలో ఒక పెద్దాయన ఎక్కి పక్కన కూర్చున్నాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఏం పని మీద పోతున్నావని అడిగితే, ముక్కూమొహం తెలియని మనిషికి కథంతా చెప్పేశాను.

"బాయిల ఒకడు గంట కొడితే అవుతలోడు మళ్ల గదే గంట కొట్టాలె బిడ్డా. గప్పటిదాంక బొగ్గు టబ్బు కదలది," అన్నాడాయన.

విన్నది తిరిగి చెప్పాలనే ఈ ముక్క మా పనిలో ఎవరూ నేర్పరు. గోదావరిఖనిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ చల్లారిపోయింది, చాయ్ మాత్రం బాగుంది. తొమ్మిదింపావుకు మంచిర్యాలలో దిగి, షేర్ ఆటోలో పదికల్లా మందమర్రి చేరాను.

కార్మికుల కాలనీలో ఒక క్వార్టర్ ముందు ఖాజా భాయ్ కనిపించాడు. గడ్డం తెల్లబడింది. కూలికి వచ్చినామెకు పని చెప్పి, "ఏం జెప్పిన? మళ్ల జెప్పు" అంటున్నాడు. ఏ గోడ ఉంచాలో, ఏది కూలగొట్టాలో ఆమె తిరిగి చెప్పాకే గడ్డపార ఇచ్చాడు. నేనూ ఈ ఏడాదిగా లేపు అన్న మాటే మానేసి, కట్టాలో కూల్చాలో గోడ మీదే సుద్దతో రాసి ఫొటో పంపుతున్నాను. ఇద్దరం ఎవరికి వారం ఒకే పాఠం నేర్చుకున్నాం. కలిసి నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేది!

చాయ్ తెప్పించాడు. తప్పు నాదేనని చెప్పాను.

"ఎరుకే బిడ్డా. ఇంకోసారి అడగకపోవుడు నాదీ తప్పే," అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "గానీ ఆమె ముందర నువ్వు నా దిక్కు సూడలే" అన్నాడు.

మళ్లీ రమ్మని అడిగాను. మోకాళ్లు సహకరించడం లేదని, ఇంటి పక్కనే పని దొరికిందని చెప్పాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే జొన్నరొట్టె, ఖట్టీ దాల్ తిన్నాను. ఆటో దాకా వచ్చి సాగనంపాడు.

రెండింటికి మంచిర్యాలలో తిరుగు బస్సు. గోదావరి వంతెన రాకముందే చొప్పదండి ఆవిడకు ఫోన్ చేసి, ఆ రోజు తప్పు మాట చెప్పింది నేనేనని చెప్పాను.

"గదేంది మేడం, మీరు పంపినాయన గోడ కట్టి పోయినంక వారానికి ఖాజా మేస్త్రి అచ్చిండు గద. 'మా బిడ్డ సక్కగనే చెప్పింది, నేనే తప్పు విన్న, ఆమె పేరు కరాబు చెయ్యకున్రి' అని మీ గురించి చెప్పిండు. మూడు దినాలుండి మట్టితోని గూళ్లు మళ్ల తీర్చిండు. పైసలిస్తే తీసుకోలే. మీకు చెప్పలేదా?"

లేదన్నాను. పొద్దుటి నుంచి మూడు గంటలు ఎదురుగా కూర్చున్నా ఆయన ఆ ముక్క ఎత్తలేదు. బస్సు ఆపించి వెనక్కి పోదామా అనిపించింది. పోయి ఏమని అడగను?

మందమర్రిలో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. నేను చూసింది ఒక్క మనిషిని. ఆయన ఇక నాతో పనికి రాడు.