మూడోసారి తట్టితే

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్లో లిఫ్టు కోసం నిలబడి ఉండగా, హిమాయత్‌నగర్‌లో కొత్తగా ఆత్మరక్షణ క్లాసుకు వెళుతున్న మా అమ్మాయి నా కుడిచెయ్యి అందుకుని, మణికట్టు బయటికి మెలిపెట్టి, నన్ను సగానికి వంచేసింది. "నొప్పైతే రెండుసార్లు తట్టు డాడీ, ఇడిచిపెడ్త" అంది. తట్టీతట్టగానే వదిలేసింది. నా ముఖం చూసి కంగారుపడింది గాని, అది నొప్పి కాదు. పట్టు అంత తొందరగా వదలవచ్చునన్న సంగతి.

నాంపల్లి రైల్వే స్టేషన్ దొంగ కథ నా నోట విననివాళ్లు మా బంధువుల్లో లేరు. కత్తితో మీదికి వచ్చినవాణ్ణి ఈ పట్టుతోనే ప్లాట్‌ఫారం మీద మోకరింపజేశానని ముప్పయ్యేళ్లుగా చెబుతున్నాను. మొదట్లో దొంగ ఒక్కడే. తరువాత ఇద్దరయ్యారు, ఒకరి పెళ్లిలో మూడోవాడూ వచ్చి చేరాడు. అసలు దొంగే లేడు. నేను మెలిపెట్టిన చెయ్యి మా మేనత్త కొడుకుది, మా బావది.

ఆబిడ్స్‌లో మా చర్చి వెనక హాల్లో ఒక మాస్టారు పొద్దున్నే మా ఇద్దరికీ ఈ పట్లు నేర్పేవారు. కీలు తిరగని వైపుకు తిప్పితే బక్కవాడైనా ఎంతటివాణ్ణైనా ఆపగలడనీ, కనుక పట్టడం కన్నా ముందు వదలడం నేర్చుకోవాలనీ ఆయన మాట. కోత పండుగనాడు చర్చి ఆవరణలో ప్రదర్శన ఇమ్మన్నప్పుడు, తట్టగానే వదిలేస్తే చూసేవాళ్లకు మజా ఏముంటుందని బావకు నూరిపోసింది నేనే. ఆ పై వారమే అతనికి టైపు పరీక్ష. పాసైతే గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు.

"రెండుసార్లు తడ్తే ఇడువకు, గది యాక్టింగ్. మూడోసారి తడ్తే అసలుది. జర యాదుంచుకో, చేతిలకు మైకొస్తే నీకు లోకం యాదుండది" అన్నాడు బావ.

ఒక చేత్తో అతని మణికట్టు, ఒక చేత్తో మైకు పట్టుకుని, ఈ విద్య నాకొక ముసలి పహిల్వాను చెవిలో చెప్పి పోయాడని కోతలు కోస్తూ ఉంటే, కేకులమ్మే అత్తయ్యలు సైతం బల్లలు వదిలి వచ్చి నవ్వుతున్నారు. బావ తడుతున్నట్టు తెలిసింది. రెండా మూడా అని లెక్కపెట్టలేదు. ఇంకొక్క మాట చెప్పి వదులుదామనుకున్నాను. ఆ మాట పూర్తికాకముందే, ఎండిన చిక్కుడుకాయ విరిచినంత చిన్న చప్పుడైంది.

సైకిలు మీది నుంచి పడ్డానని మేనత్తకు చెప్పాడు బావ. పరీక్ష పోయింది, ఉద్యోగం పోయింది. తరువాత ఒక మందుల దుకాణంలో కూర్చున్నాడు. ఆ దుకాణం తాళం ఎప్పుడూ ఎడమచేత్తోనే తిప్పేవాడు. క్షమించమని నేను అడగలేదు, అడగమని అతను కూర్చోనూలేదు. పైగా ప్రతి పెళ్లిలోనూ "ఏం బామ్మర్దీ, దొంగ ముచ్చట చెప్పరాదు, పోరగాళ్లు అడుగుతున్రు" అని తనే మొదలుపెట్టించి, అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. కథ మరీ శ్రుతి మించితే, ఎడమచేత్తో కుర్చీని మూడుసార్లు తట్టేవాడు. ఎక్కడున్నానో అక్కడే ఆపేసేవాణ్ణి. ఆ లెక్క మా ఇద్దరికే తెలుసు.

పోయిన క్రిస్మస్‌కు ముందు బావ పోయాడు. ఆ హాలున్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

రైలెక్కాక మా అమ్మాయి, ఆ దొంగ చెయ్యి కూడా ఇట్లాగే పట్టావా అని అడిగింది. అలవాటుగా మొదలుపెట్టాను. ఖైరతాబాద్ వచ్చేసరికి దొంగలు నలుగురయ్యారు. చెబుతూనే ఉన్నాను, పక్క సీటు వైపు ఒక చెవి పెట్టి. ఎవరూ తట్టలేదు. కథ ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.