మొదటి రోగి

పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగా ఫోనులో సందేశం వచ్చింది. లంజిపల్లిలో నేను కంప్యూటరు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ సారుకి పాత విద్యార్థులంతా సన్మానం చేస్తున్నారట, ఆయన గురించి తలా రెండు మంచి ముక్కలు రాసి పంపాలట. గ్లాసు పక్కన పెట్టేశాను. రెండు ముక్కల్లో తెమిలే సంగతి కాదు, మంచిది అంతకన్నా కాదు.

మా ఆయన పనిచేసే మిల్లు మూతపడిన ఏడాది, ముప్పై అయిదేళ్ల వయసులో, హల్దియాపదర్ నుంచి ఆటో ఎక్కి ఆ క్లాసుకి వెళ్లేదాన్ని. చుట్టూ డిగ్రీ పిల్లలు, మధ్యలో టిఫిన్ డబ్బా సంచితో నేను. ఆ ఒడియా ఊళ్లో సారు మన తెలుగాయనే, నలభై రెండేళ్లవాడు, చేతికి మూడు ఉంగరాలు. నేను సందేహం అడిగితే చాలు, "ఇంటికాడ పప్పు మాడిపోతాదేమో సూసుకోండమ్మా" అనేవాడు. పిల్లలు నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని, అది తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వెబ్ అప్లికేషన్‌ని మూడు భాగాలుగా విడదీసి రాయాలని చెప్పింది మాత్రం ఆయనే. సమాచారమంతా దాచుకునేది మోడల్, జనానికి కనిపించే తెర వ్యూ, ఏది తీసి ఏ వరుసలో తెరకి పంపాలో నడిపించేది కంట్రోలర్. చెప్పాడే గాని ఆయన మోజంతా తెర మీదే, రంగుల మీదే. "తెర బాగుంటే సాలు, లోపల ఎవుడు సూత్తాడు?" అనేవాడు. నేను మా తమ్ముడిచ్చిన పాత కంప్యూటరు ముందేసుకుని, మధ్యాహ్నాలన్నీ ఆ లోపలి భాగాలనే పట్టుకుని వేలాడాను. ఒక నర్సింగ్ హోములో రోగుల వివరాలు నమోదుచేసే అప్లికేషన్ నా ప్రాజెక్టు. నచ్చితే రాసినవాళ్లకే ఉద్యోగం ఇస్తానని అక్కడి డాక్టరమ్మ ముందే చెప్పింది. మా ఇంటికి అది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పరీక్షించి చూడ్డానికి ఉత్తుత్తి రోగులు కావాలి కదా, నన్ను సాధించినవాళ్లందర్నీ చేర్చుకున్నాను. "ఈ వయసులో సదువేటి" అన్న ఆడపడుచుకి నోటిపూత. నా పుస్తకాల మీద తడిబట్టలు పడేసిన తోటికోడలికి గజ్జి. చాలా హాయిగా నిద్రపట్టిన రోజులవి.

డాక్టరమ్మకి చూపించే డెమో ఇంకా రెండు రోజులుందనగా చూస్తే, మొదటి పేజీ అడుగున నా పేరుండాల్సిన చోట సారు పేరుంది. అడిగాను. "ఆడోళ్లు రాసేరంటే డాట్రమ్మ నమ్మదమ్మా. మీరూ రండి, ఎనకాల కూకోండి" అన్నాడు. డాక్టరమ్మ ఆడమనిషేనన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఆయన మార్చింది వ్యూలో ఒక్క వరుస. ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, అక్కడే కూర్చుని, మోడల్‌లో ఒక కొత్త రోగిని చేర్చాను. సారు పేరు ఇంటిపేరుతో సహా, వయసు నలభై రెండు, జబ్బు మూలశంక. తర్వాత కంట్రోలర్‌లో నేనూ ఒక్క వరుస మార్చాను, కడపట చేరిన రోగి జాబితాలో అందరికన్నా పైన కనిపించేలా. దీంతో ఉద్యోగం చేజారుతుందని తెలుసు. పోతే పోయింది, ఆయన పరువు కూడా దానితోపాటే పోవాలి అనుకున్నాను.

డెమోకి సారు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఆయన చెప్పినట్టే నేను వెనకాల కూర్చున్నాను. రంగులన్నీ చూపించాక డాక్టరమ్మ, "బాగానే ఉంది గాని, రోగుల లిస్టు ఏదీ?" అంది. ఆయన ఉంగరాల చేత్తో నొక్కాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మొదటి పేరు పైకే చదివింది, జబ్బుతో సహా. నర్సులు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సారు చెవులు కందిపోయాయి.

"ఇది నాను రాయనేదండి" అన్నాడు.

"మరి కింద మీ పేరుందే?"

"పేరొక్కటే నాదండి. మొత్తం ఈవిడే రాసింది, మొదలుకాడ్నుంచి సివరిదాకా" అంటూ వేలు నావైపు చూపించాడు.

అంతమంది ముందు, తన నోటితో. నేను ఆయన పరువు పోవాలనే కోరుకున్నాను, నా పేరు ఆయనే తెచ్చి నా చేతిలో పెడతాడని కలలో కూడా అనుకోలేదు. డాక్టరమ్మ జాబితా అంతా చదివి, "ఈ రోగులంతా ఎవరమ్మా?" అని నన్నడిగింది. "మావాళ్లేనండి" అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "సోమారం నుంచి ఒచ్చేయి. ముందు ఈళ్లందర్నీ డిశ్చార్జి సెయ్యి" అంది.

అందర్నీ చేశాను, ఒక్కరిని తప్ప. నర్సింగ్ హోము జాబితాలోంచి తీసేశాను గాని, ఇంట్లో నా కంప్యూటరులో ఆయన్ని ఉంచుకున్నాను. తర్వాత ఎన్ని అప్లికేషన్లు రాసినా, పరీక్షకి మొదటి రోగి ఆయనే. సన్మానానికి ఏమీ పంపలేదు. ఆ రికార్డు మాత్రం ఒకసారి తెరిచి చూసుకున్నాను. నా జుట్టు నెరిసింది, ఆయనకి షష్టిపూర్తి కూడా అయిపోయి ఉంటుంది. అందులో ఆయనకింకా నలభై రెండే, నా కోపానికి ఆ సాయంత్రం నాటి వయసే.