మురికినీళ్లకు గొట్టాల్లో చోటు

ఆ నూనె ఫ్యాక్టరీలో డిజైన్లు గీసే ఆవిడకి "లోపలా-బయటా అక్క" అని పేరు. పెట్టినవాడెవడో గానీ ఊరికే పెట్టలేదు. ఆవిడ గీసేది కాగిన నూనెని చల్లార్చే పెద్ద ఇనప పీపా, దాని నిండా వందల సన్నటి గొట్టాలు. గొట్టాల లోపల ఒకటి పారుతుంది, బయట పీపాలో ఇంకొకటి. కాగిన నూనె, చల్లటి కాలువ నీళ్లు. ఒకదాన్నొకటి ముట్టుకోవు, ముఖమైనా చూసుకోవు, వేడి మాత్రం ఇటునుంచి అటు వెళ్లిపోతుంది! ఇన్నేళ్లయినా ఆవిడకి ఆ వింత పాతబడలేదు.

ఎటొచ్చీ, ఏది లోపల, ఏది బయట? మొదట్నుంచీ అక్కడొక మర్యాద. నూనె ఖరీదైనది కాబట్టి అయ్యగారిలా గొట్టాల్లోకి, నీళ్లు బయటికి. ఆ మర్యాదకు నలిగిపోయింది మాత్రం ఆవిడ అన్నయ్య; అక్కడ పీపాలు కడిగేది ఆయనే. నీళ్లలోని బురద గొట్టాల మధ్య సందుల్లో గడ్డకట్టేది. అక్కడికి చువ్వ దూరదు, చెయ్యి పట్టదు. కిందటిసారి ఆ బురద మీదికి నీళ్లు చిమ్మే బరువైన పైపు ఎత్తి ఎత్తి ఆయన కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. తల కూడా వదినే దువ్వాల్సొచ్చింది.

"నన్ను బడికి తయారుచేస్తోందే మీ వదిన" అని ఆయన నవ్వించాడు గానీ, డాక్టరు నవ్వలేదు. ఇంకొక్కసారి ఇలాగైతే ఆ చెయ్యి మీద ఆశ వదులుకోమన్నాడు. చెయ్యి మెల్లగా కోలుకున్నా, వదిన భయంతో దువ్వెన ఆయనకివ్వలేదు.

కొత్త పీపా గీయాల్సి వచ్చినప్పుడు అక్క మొండికేసింది.

"బురదనీళ్లే గొట్టాల్లోకి వెళ్తాయి సార్. గొట్టం తిన్నగా ఉంటుంది, చువ్వతో తోసేయొచ్చు. చిక్కటి నూనె బయట గొట్టాల చుట్టూ తిరుగుతూ పోతే వేడి కూడా బాగా వదులుతుంది."

"మురికిని నట్టింట్లో కూర్చోబెడతానంటావేంటమ్మా!" అని మేనేజరు తల గోక్కున్నాడు. "సరే, కానివ్వు."

కడగడానికి మొదటిసారి ఆ పీపా రెండు కొసల మూతలూ విప్పిన రోజు ఆవిడ ఒక కొసన నిలబడి చూసింది. గొట్టాల నోళ్లన్నీ బురదతో పూడిపోయి ఉన్నాయి. అన్నయ్య రెండో కొస నుంచి ఒకదాంట్లోకి చువ్వ తోశాడు. ఆవిడ వైపు బురద జారిపడింది, గొట్టంలో వెలుతురొచ్చింది. ఇంకొకటి, మరొకటి. మధ్యాహ్నానికల్లా ఎన్ని గొట్టాలో అన్ని వెలుగు చుక్కలు! తను కాగితం మీద గీసిన గీతల్లోంచి పగటి వెలుతురు అవతలికీ ఇవతలికీ పారుతోంది. ఆవిడ ఆ చుక్కల్లోకి వంగి చూసింది.

ఒక చుక్క ఆరిపోయి, అక్కడొక కన్ను కనిపించింది.

"చెల్లాయ్, కనపడుతున్నానా?"

"కనపడుతున్నావన్నయ్యా. చెయ్యెలా ఉంది?"

"పైవరసలు కూడా నేనే తోశా" అంది గొట్టంలోంచి గొంతు. "మీ వదినకి చెప్పు, దువ్వెన నాకిచ్చేయమని."