పెద్దమ్మకు లొంగని లివరు

అందరికీ కోపం వస్తుంది, పోతుంది. మా పెద్దమ్మకు ఆ రాకపోకలు లేవు. ఆవిడ కోపంలోనే కాపురం ఉంటుంది.

పొద్దున్నే తలుపు గడియను తిట్టడంతో రోజు మొదలయ్యేది. తర్వాత పొయ్యి వంతు. ఆపైన పొంగినందుకు పాలను, పొంగకపోతే ఆలస్యం చేసినందుకు మళ్లీ పాలనే. ఆవిడ పని తెరచాపలు కుట్టడం. రేవు పక్కన రేకుల షెడ్డులో పెద్ద కుట్టుమిషను ముందు కూర్చుని, చిరిగిన తెరచాప తెచ్చినవాణ్ణి ముందు ఉతికి ఆరేసేది, తర్వాత చాప అందుకునేది. అయినా రేవులో పడవలవాళ్లంతా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆవిడ తిట్టి కుట్టిన కుట్టు తుఫానుకైనా ఊడదని వాళ్ల నమ్మకం.

నా ఉద్యోగం ఆ ఊళ్లోనే కాబట్టి వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. ఒకసారి పెద్దమ్మకు గొంతు పట్టేసి మాట పడిపోయింది. ఇంట్లోంచి చప్పుడు లేకపోయేసరికి ఏమైందోనని వీధిలోవాళ్లు కంగారుగా పరామర్శకు వచ్చారు. వాళ్లను చేతులతోనే తిట్టి పంపించింది.

పెద్దనాన్న దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. జీవితమంతా ప్రయాణికుల లాంచీ నడిపాడు. ఆ లాంచీ హారను తప్ప ఆయన గట్టిగా మోగించింది ఏదీ లేదు. అలాంటాయనకు పక్షవాతం వచ్చింది. గండం గడిచింది గానీ కుడిచేతికి పట్టు పోయింది, చూపు మందగించింది. లాంచీ దిగక తప్పలేదు. ఆ తర్వాత ఆయన దేని మీద చెయ్యి వేయబోయినా అందరిదీ ఒకటే పాట: "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం." డాక్టరూ అదే, చుట్టాలూ అదే, నేనూ అదే. ఆయన పాపం బుద్ధిగా కూర్చునేవాడు.

వాళ్లకో చిన్న తెరచాప పడవ ఉండేది. ఆదివారాలు ముగ్గురం అందులో షికారు వెళ్లేవాళ్లం. రేవు దాటి గాలి అందేదాకా ఇంజను మీదే పోవాలి. గొడవంతా ఆ ఇంజను వేగం పెంచే లివరుతోనే. ముందుకు తోసి వదిలేస్తే ఉన్నచోట ఉండదు. ఇంజను అదురుకు మెల్లమెల్లగా వెనక్కి జారిపోతుంది. పడవ నీరసపడి, నీళ్ల మధ్య ఆవులిస్తూ నిలబడిపోతుంది.

ఇక చూడాలి, చుక్కాని పట్టుకున్న పెద్దమ్మను.

"చూశావట్రా దీని పొగరు! పెట్టినచోట ఉండదు! దీని వంశంలో ఎవరైనా ఉన్నారా పెట్టినచోట?" అని లివరును దులిపి, అదే ఊపులో పెద్దనాన్న మీదికి తిరిగేది. "మీరేంటండీ, మగపెళ్లివారిలా కూర్చున్నారు! అదెవరు పట్టుకుంటారు, మీ తాతగారొస్తారా?"

"పట్టుకుంటానే, పట్టుకుంటా," అని ఆయన ఎడమచేత్తో లివరు అందుకునేవాడు.

"పెంచండి! అబ్బ, అంత కాదు! అసలు మీ చేతికి లాంచీ ఎవరిచ్చారండీ? తగ్గించండి, ఎదురుగా పడవ!"

ఆయన ఇంజను చప్పుడు చెవులతో పట్టుకుని పెంచేవాడు, తగ్గించేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. జబ్బుపడి లేచిన మనిషిని పట్టుకుని ఇన్ని మాటలా!

"పెద్దమ్మా, ఆ లివరు బాగుచేయించకూడదూ?" అన్నానొకసారి.

"వచ్చాడండీ బాగుచేయించే మొనగాడు! ముందు నీ చొక్కా గుండీ కుట్టించుకో!"

నాకు పంతం వచ్చింది. ఒక శనివారం ఆఫీసు నుంచి తిన్నగా రేవుకు వెళ్లి లివరు కింది రేకు విప్పాను. లివరు జారకుండా బిగించి ఉంచే స్క్రూ లోపల వదులుగా ఊగుతోంది. నాలుగు తిప్పులు తిప్పాను. లివరు బండరాయిలా నిలబడింది. ఇంతోటి దానికా ఇన్నాళ్ల రభస!

మర్నాడు రేవు దాటేదాకా లివరు కదల్లేదు. నా ఘనకార్యం నేనే ప్రకటించుకున్నాను. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. సంతోషంతో నోట మాట రాలేదేమో అనుకున్నాను. పెద్దనాన్న అలవాటుగా లివరు మీద చెయ్యి వేసి, అక్కర్లేదని తెలిసి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మంచి పని చేశావురా," అన్నాడు.

పై ఆదివారం ఆయన మంచం దిగలేదు. "మీరిద్దరూ వెళ్లిరండి. నేనెందుకక్కడ, బరువు తప్ప," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని షెడ్డుకు లాక్కుపోయింది.

"ఎవడ్రా నిన్ను బిగించమంది?"

"స్క్రూ లూజుగా ఉంది పెద్దమ్మా..."

"ఉంటుంది! నేను లూజు చేస్తే లూజుగా ఉండక, బిగుసుకుని కూర్చుంటుందా?"

నేను నోరు తెరిచాను. అది మూసుకునే అవకాశం ఆవిడ ఇవ్వలేదు.

"కూర్చోండి, కూర్చోండి అని అందరూ కలిసి ఆయన్ని బొమ్మను చేశారు కదరా! మీ ప్రేమ తగలెయ్యా! ఆ జబ్బు తర్వాత ఆయన్ని ఒక్కడైనా ఒక్క తిట్టు తిట్టాడా? పని చేతనైనవాణ్ణే కదరా తిడతాం! చేతకానివాణ్ణి ఎవడు తిడతాడు?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ దిక్కుమాలిన కళ్లొకటి!" అని వాటినీ తిట్టి కొంగుతో తుడిచేసుకుంది.

ఆ ఊపులోనే పడవెక్కి స్క్రూ వదులు చేసింది. లివరు ముందుకు తోసి ఇంజను నడిపి చూసింది. లివరు చక్కగా వెనక్కి జారింది. ఇంటి మలుపు దగ్గర్నుంచే కేకలు మొదలుపెట్టింది.

"ఏవండీ! వీడు రిపేరు చేశాడట, రిపేరు! మళ్లీ మొదటికొచ్చింది! చొక్కా వేసుకోండి, మీరు లేకపోతే ఆ దరిద్రపు పడవ రేవు దాటేలా లేదు!"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ కేక పూర్తయ్యేలోపే పెద్దనాన్న గుమ్మంలో ఉన్నాడు, ఎడమచేత్తో గుండీలు పెట్టుకుంటూ.

"వాణ్ణేం అనకే. కుర్రవాడు, లివర్ల సంగతి వాడికేం తెలుస్తుంది!" అన్నాడు చాలా పెద్దరికంగా.

ముగ్గురం పడవెక్కాం. పెద్దమ్మ కేకలు రేవంతా వినపడ్డాయేమో, పక్క పడవాయన పనిముట్ల పెట్టెతో పరుగెత్తుకొచ్చి మా పడవలో ఒక కాలు పెట్టాడు.

"చిన్న స్క్రూ అమ్మా, ఒక్క నిమిషం పని..."

నాలో ఎక్కడినుంచి పొంగుకొచ్చిందో గానీ లేచి నిలబడి అరిచాను. "కాలు తియ్యండి ముందు! మా లివరు జోలికొచ్చారంటే... వచ్చారంటే..."

ఆయన హడలిపోయి వెనక్కి తగ్గాడు. మెచ్చుకుంటుందేమోనని పెద్దమ్మ వైపు చూశాను.

"వచ్చారంటే? ఏం చేస్తావో చెప్పాలి కదరా! తిట్టు సగంలో వదిలేస్తారట్రా ఎవరైనా? ఇన్నాళ్లూ నా ఇంట్లో ఉండి నేర్చుకున్నది ఇదా?"

వెనకనుంచి పెద్దనాన్న పకపకా నవ్వి లివరు ముందుకు తోశాడు. ఇంజను హుషారుగా అందుకుంది.

"ఏవండీ! నేనింకా పెంచమన్లేదు!" అని అరిచింది పెద్దమ్మ.

"పెంచేశానుగా," అన్నాడాయన.