అత్తగారొస్తేనే తెరిచే కిటికీలు

మా చెల్లెలి కూతురు మేనేజరుతో పోట్లాడి గెలవడం నేను కళ్లారా చూశాను. అప్పట్లో అది పనిచేసే బూట్ల కంపెనీలోనే నేను ఊడ్చేదాన్ని. అది జిగురు గదిలో బూట్లకు అడుగులు అతికించేది. దాని గొంతుకు భయపడి అందరూ దాన్ని గంట అనేవారు.

"దుమ్ము పడితే బూటు పాడవుతుందని కిటికీలు మూయించారు. ఈ వాసనకి మేం పాడైతేనో? ఒక్క పూట ఇక్కడ కూర్చోండి సార్. సాయంత్రానికి మీ పేరు మీకు గుర్తుంటే నేనిక నోరెత్తను."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. మేనేజరు మొహం మాడ్చుకుని కిటికీలు తీయించాడు.

ఆ గాలి ఎన్నాళ్లో నిలవలేదు. పైదేశంలో మా బూట్లు కొనే కంపెనీ జతకు రేటు కోసింది. దుమ్మంటి ఒక్క జత వెనక్కొచ్చినా గిట్టదని మేనేజరు మళ్లీ గడియలు బిగించాడు. రేటు కోసినవాళ్లే మా బాగోగులు కనుక్కోవడానికి ఒక మేడమ్‌నూ పంపేవాళ్లు. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు అత్తగారు. "అత్తగారొస్తోంది!" అని కేక పడగానే కిటికీలు తెరుచుకునేవి, చేతులకు తొడుగులు వచ్చేవి. కారు గేటు దాటగానే అన్నీ మామూలే.

అప్పటికే గంటకు దగ్గు పట్టుకుంది. ఒకసారి అత్తగారు పలకరిస్తే నవ్వుతూనే అనేసింది: "రోజూ రండమ్మా. మీరొచ్చిన రోజే మాకు గాలి."

ఆవిడ దాని చేయి పట్టుకుని కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఆవిడ పైకి రాసేసరికి, బూట్లు కొనే ఆ కంపెనీ తన పేరు చెడకుండా ఆర్డరును ఇంకో దేశానికి పట్టుకుపోయింది. అక్కడి కిటికీల సంగతి ఎవరు చూశారు? మా కంపెనీకి తాళం పడింది.

"గాలి కావాలన్నావుగా, ఇక గాలే తిని బతుకు!" అని తోటి ఆడవాళ్లు దాన్ని వీధిలో నిలబెట్టి దులిపేశారు. ఎవరికైనా ఎదురు చెప్పగలిగే మనిషి, తల వంచుకుని వచ్చేసింది.

నన్ను ఇంకో బూట్ల కంపెనీవాళ్లు ఊడ్చే పనికి పెట్టుకున్నారు. గంట పేరు వింటే మాత్రం ఏ మేనేజరూ గేటు తీయడం లేదు. దాని ఇంట్లో ఇంకెవరికీ సంపాదన లేదు.

మొన్న వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"పెద్దమ్మా, మీ దగ్గర జిగురు గదికి మనుషులు కావాలంట కదా."

"కావాలి. ఆ గదికి కిటికీలే లేవే, నాలుగు గోడలే. ఈ దగ్గుతో చస్తావా? అయినా నీ గొంతు వింటే పోల్చరూ?"

కాసేపు దగ్గి, చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"వేరే పేరు పెట్టి, నేను మూగదాన్నని చెప్పి చేర్పించు పెద్దమ్మా. మూగవాళ్లకి మాత్రం దగ్గు రాదా ఏంటి?"