బోర్డు మీద మిగిలిన ఒకటో నంబరు

సముద్రం చూడబోయినవాళ్ళు గవ్వలు తెచ్చుకుంటారు, ఎండుచేపలు తెచ్చుకుంటారు. నేను యావజ్జీవ శిక్ష తెచ్చుకున్నాను. తీర్పు చెప్పింది ఏ జడ్జీ కాదు, నా నోరే. అదీ మైకులో. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా? నా నోరు మంచిదేనండీ, ఆ మైకే మంచిది కాదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడేళ్ళు. గోదావరిఖనిలో రెండు గదుల కంపెనీ క్వార్టరు. నేను, నా భార్య సుజాత, ఇద్దరు పిల్లలు. అందులోకి సుజాత వాళ్ళ నాన్న, మా సాల్మన్ మామ, కంటి శుక్లం తీయించుకోవడానికని పది రోజుల కోసం వచ్చాడు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఎంత బ్రహ్మాండంగానంటే, పది నెలలైనా ఆయన కదల్లేదు సరికదా, ఆ కొత్త చూపుకు మా ఇంట్లో తప్పులన్నీ ఒక్కొక్కటిగా కనబడసాగాయి.

మామ ముప్పై ఆరేళ్ళు భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక రూలుంటుంది. "అల్లుడా, చెప్పులు గిట్లనా ఇడిచేది?" "అల్లుడా, గా ఫ్యాను ఎవ్వల కోసం తిరుగుతున్నది?" "అల్లుడా, అన్నం తిన్నంక గంత సేపు కూసుంటరా ఎవలన్న?" ముందుగదిలో మంచం ఆయనది, టీవీ ఆయనది, నాకు మిగిలింది గడప.

మా తోడల్లుడు ప్రభాకర్ అన్న మంచిర్యాలలో టీచరు. ఆయన, వదిన, ఒక్క కొడుకు. ఆయనకు మేడ ఉంది, మేడ మీద ఖాళీ గది ఉంది. రెండు నెలలు బతిమాలి ఆయన్ను ఒప్పించాను. పథకం ఏమిటంటే, క్రిస్మస్ కాగానే రెండు కుటుంబాలూ కలిసి బాపట్ల సముద్రానికి పోవాలి. వచ్చేటప్పుడు మేం రామగుండంలో దిగిపోతాం. రైలు అలాగే మంచిర్యాలకు పోతుంది, మామ కూడా రైలుతోపాటే పోతాడు. అత్త సొమ్ము అల్లుడి దానమని సామెత. నేను ఏకంగా మామనే దానం చేయబోయాను. ఈ సంగతి ఆయనకు మాత్రం చెప్పలేదు.

రామగుండం స్టేషన్లో మంచు. అందరం స్వెట్టర్లు, మంకీ క్యాపులు, శాలువాలతో మూటల్లా రైలెక్కాం. బాపట్లలో దిగేసరికి ఎండ ఫెళ్ళున కాస్తోంది. మా అవతారాలు చూసి ఆటో అతను, "ఏ మంచుకొండల నుంచి వస్తున్నారండీ?" అని అడిగాడు.

ఇప్పుడు నా ఉద్యోగం గురించి చెప్పాలి. అప్పుడు నేను గనిలో ల్యాంపు రూములో పనిచేసేవాణ్ణి. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న టోకెన్ మా దగ్గర పెట్టి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి టోకెన్ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద టోకెన్ మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. గని గనంతా వణికిపోతుంది.

ఆ సముద్రాన్ని, ఆ అలల్ని చూడగానే నా బుర్రలో పురుగు తొలిచింది. క్రిస్మస్ కేకు అట్టపెట్టె కత్తిరించి ఏడు టోకెన్లు చేశాను. ఒక చెక్కకు మేకులు కొట్టి ఇసుకలో పాతాను.

"గిదేంది?" అన్నాడు ప్రభాకర్ అన్న.

"టోకెన్ బోర్డు అన్నా. నీళ్ళల్లకు పొయ్యేటోళ్ళు టోకెన్ నాకియ్యాలె. బయటికొచ్చినంక తీస్కోవాలె."

"నువ్వు గాక ఉన్నదే ఏడుగురం. కండ్లతోని చూస్తే తెల్వదా?"

"సేఫ్టీ అన్నా, సేఫ్టీ!"

సుజాత నెత్తి కొట్టుకుంది. మామ మాత్రం లేచి నిలబడి, పది నెలల్లో మొట్టమొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. "శభాష్ అల్లుడా! గిది మనిషి చేసే పని. ఒకటో నంబరు నాకియ్యి." దాన్ని స్వయంగా నా చేతికిచ్చి, లుంగీ ఎగ్గట్టి, షిఫ్టుకు పోతున్నట్టు సముద్రంలోకి నడిచాడు.

అరగంట బుద్ధిగానే కాపలా కాశాను. ఇంతలో గాలి దిశ మారింది. అటుపక్క ఒక బండి మీద చేపలు వేపుతున్నారు. రెండు ముక్కలు తిని వద్దామని పోయాను. ఆ రెండు ముక్కలకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, డజను ముక్కలయ్యాయి.

మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి అందరూ తడిబట్టలతో బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. వదిన తీసుకుంది, సుజాత తీసుకుంది, ప్రభాకర్ అన్న తీసుకున్నాడు, నలుగురు పిల్లలకు మూడే టోకెన్లు... ఆగండి, పిల్లలు ముగ్గురే, నాకు లెక్క తప్పేంత కంగారు పుట్టింది. ఎందుకంటే మేకుకు ఒకటి వేలాడుతూనే ఉంది. ఒకటో నంబరు.

"యాడనన్న చాయ్ తాగుతుండొచ్చు తియ్," అన్నాడు ప్రభాకర్ అన్న.

"అన్నా! ముప్పై ఆరేండ్ల సర్వీసుల మామ ఒక్కరోజన్న టోకెన్ మరిచిండా? నీళ్ళల్లనే ఉన్నడు!"

సుజాత బావురుమంది. "బాపూ! ఓ బాపూ! యాడికి వోయినవ్? యేమయ్యా, నువ్వేడున్నవ్ గింత సేపు? నీ మూతికి గా మసాలా ఏంది?"

సముద్రం వైపు చూశాను. నిజం చెబుతున్నాను. నేను కోరుకున్నది మామ మంచిర్యాలకు పోవాలని, సముద్రంలోకి కాదు. పిల్లలకు కమలాలు తొక్క తీసి, గింజలు కూడా ఏరి పెట్టే మనిషి. నాకు జ్వరమొస్తే ఆ మంచం నాకిచ్చి తాను కింద పడుకున్న మనిషి. ఏడుపు తన్నుకొచ్చింది.

పక్కనే పోలీసు అవుట్‌పోస్టు, దాని కిటికీ దగ్గర మైకు. పరిగెత్తాను.

"తప్పిపోయిందెవరండీ? ఆనవాళ్ళు చెప్పండి," అన్నాడు కానిస్టేబులు.

"మా మామ సార్. గళ్ళ లుంగీ. తెల్ల బనీను."

"ఈ బీచిలో సగం మంది అంతేనండీ. ఇంకేదైనా గుర్తు?"

"అన్నిట్ల తప్పులు వడతడు సార్."

కానిస్టేబులు నన్ను జాలిగా చూసి మైకు నా చేతికే ఇచ్చాడు. అక్కడితో నా బుద్ధికి, నోటికి ఉన్న సంబంధం తెగిపోయింది.

"మామా! ఓ సాల్మన్ మామా! యాడున్నా రాయే! నిన్ను మంచిర్యాలకు సాగనంపుదామనే గీ టూరు వెట్టిన! తప్పయింది మామా! నువ్వొస్తే యాడికీ పంప! జిందగంత మా క్వార్టర్లనే ఉండు! ముందుగది నీదే! మంచం నీదే! రిమోటు నీదే! నేను ఫ్యాను గూడ ఎయ్య!"

బీచంతా ఆ కిటికీ వైపు తిరిగింది. పల్లీలమ్మే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా ప్రభాకర్ అన్న ముఖం మాత్రం కొత్త బల్బులా వెలిగిపోయింది.

"అల్లుడా."

వెనక్కి తిరిగాను. అవుట్‌పోస్టు లోపలి బెంచీ మీద, పొడిబట్టల్లో, చాయ్ గ్లాసుతో మామ! పక్కనే ఇంకో కానిస్టేబులు ఏదో రాసుకుంటున్నాడు.

"మామా! నువ్వు గిక్కడ..."

"నీ మీదనే కంప్లైంటిస్తున్న. టోకెనాయన డ్యూటీ ఇడిసిపెట్టి ఎటో వోయిండని. అద్దగంట సంది ఎతుకుతున్న నిన్ను."

"టోకెన్ మేకుకే ఉన్నది గదా మామా, తీస్కోకపోయినవ్?"

మామకు నిజంగానే కోపమొచ్చింది. "ఇచ్చెటోడు ఇస్తె తీస్కోవాలె. ఎవ్వలు లేని ల్యాంపు రూముల చెయ్యి వెడితే దొంగ అంటరు!" అని, చాయ్ చప్పరించి, మెల్లగా అడిగాడు. "మంచం సంగతేందో ఇంకొక్కసారి చెప్పు అల్లుడా. గాలికి సక్కగ ఇనవడలే."

తిరుగు ప్రయాణంలో రామగుండం రాగానే మామ సంచిని ప్రభాకర్ అన్నే ముందుగా దింపాడు. మామను కూడా చెయ్యి పట్టుకుని తానే దింపి, "జాగ్రత్తగ చూస్కో తమ్మీ" అన్నాడు. రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద మామ నా భుజం మీద చెయ్యేశాడు.

"నిజం చెప్పాల్నంటే అల్లుడా, పెద్దబిడ్డ ఇంటికి పోదామని నేనే అనుకున్న. గాలి మంచిగుంటది, గది పెద్దగుంటది. రైల్ల చెప్దామని మనసుల వెట్టుకున్న. గాని నువ్వు గంతమంది ముంగట గంతగనం ఏడిస్తివి. గిప్పుడు నేను పోతే నీ పానం ఏం గావాలె? నీ కోసమే ఉంటున్న."

ఐదేళ్ళయింది. నా కోసమే ఉంటున్నాడు.

టూరు నుంచి ఇంటికి చేరిన ఆ రోజే స్నానం చేసి, ముందుగదిలో నిలబడి, బైబిలు మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "బతికున్నన్ని దినాలు మైకు ముట్ట. డ్యూటీల ఉన్నప్పుడు చేపలు తిన. టోకెన్ బోర్డు గని బయట పెట్ట."

మంచం మీంచి మామ తల తిప్పి చూశాడు.

"ప్రమాణం మంచిదే గాని అల్లుడా, చెయ్యి తుడుసుకున్నవా? బుక్కు తడుస్తున్నది."