ఆకాశపు గుండిగ

కలకత్తాకి ఆనుకున్న టికియాపారాలో రైలు పట్టాల పక్క బస్తీ నుంచి బయల్దేరి, రెండు బస్సులు మారి, నగరం తూర్పు అంచున ఉన్న సైన్స్ మ్యూజియం చేరేసరికి అప్పాయమ్మకు నడుం పట్టేసేది. అక్కడ ఆమె పని ఊడవడం, తుడవడం. అంతకుముందూ అదే పని, కాకపోతే రోడ్ల మీద. అమ్మ ఊడ్చింది, అత్త ఊడ్చింది. బొబ్బిలి వైపు నుంచి తాతలు వచ్చి ఈ నగరం చెత్త ఎత్తడం మొదలుపెట్టి మూడు తరాలైంది. నగరం మాత్రం వాళ్ల పేర్లు ఇంకా నేర్చుకోలేదు. మ్యూజియంలో అందరికీ ఆమె మాశీ. మాశీ అంటే బెంగాలీలో పిన్ని. మాటకేం, మంచి మాటే. కానీ ఊడ్చే మనిషినీ అంట్లు తోమే మనిషినీ ఎవరినైనా మాశీ అనేసే ఊళ్లో, ఆ పిలుపులో చుట్టరికం ఎంతుంటుందో పిలిపించుకునేవాళ్లకే తెలుసు.

తెలుగులో పిన్నీ అని పిలిచింది నీరజ ఒక్కతే. నీరజది గుంటూరు. మ్యూజియంలో వస్తువుల బాగోగులు చూసే ఆఫీసరు. ఒకరోజు మెట్ల మీద కాలు జారి అప్పాయమ్మ "ఓలమ్మో" అని అరిస్తే గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. లేవదీసి, "తెలుగువాళ్లా పిన్నీ మీరు?" అంది. అప్పటినుంచి టీ వేళకు కాసేపు కబుర్లు. ఇక్కడ చింతచిగురు దొరకదని ఒకరు, తమ బస్తీ పక్క సంతలో గోంగూర దొరుకుతుందని ఒకరు. అప్పాయమ్మ ఇంట్లో కొడుకు, కోడలు బెంగాలీలోనే పోట్లాడుకుంటారు. మనవలకు ఆమె తెలుగు వింటే నవ్వు. ఆ టీ నీళ్ల కబుర్ల కోసమే రెండు బస్సులు మారి వస్తున్నానని ఆమె పైకి ఎప్పుడూ అనలేదు గానీ, నిజం అదే.

నీరజకు ఆ ఏడాది ఒకటే బెంగ. వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఒక అంతరిక్ష నౌక ఉంది. మనుషులు ఎక్కింది కాదు, పరీక్ష కోసం పైకి పంపింది. తిరిగొచ్చి బంగాళాఖాతంలో పడితే ఓడవాళ్లు పైకి తీశారు. ఒక ప్రదర్శన కోసం దాన్ని కలకత్తా తెచ్చారు. ప్రదర్శన అయిపోయింది, తెచ్చినవాళ్లు మరిచిపోయారు. పంపేటప్పుడు ఉన్న సంబరం తిరిగొచ్చినదాన్ని చూసుకోవడంలో ఎవరికుంటుంది? హాల్లో పెడదామంటే తలుపులోంచి పట్టదు. "దుర్గాపూజ లోపల దీనికో చోటు చూడండి, లేకపోతే గోదాముకి పంపించేస్తాం," అన్నాడు డైరెక్టరు. ఆ గోదాముకి వెళ్లిన వస్తువు మళ్లీ వెలుగు చూసిన దాఖలా లేదు. నీరజ ఊరూరి మ్యూజియంలకూ రాసింది. ఒకరు బరువన్నారు, ఒకరు చోటు లేదన్నారు. కొందరు జవాబే ఇవ్వలేదు.

"ఏటమ్మా, మన గుండిగకి సమ్మందం కుదిరిందేటి?" అని అప్పాయమ్మ రోజూ అడిగేది. చూడటానికి అది బోర్లించిన గుండిగే. ఒళ్లంతా మసి, పగుళ్లు, అక్కడక్కడ ఉప్పు మరకలు.

"లేదు పిన్నీ. ఆకాశం నుంచి దిగొచ్చిందంటే అందరూ ఓహో అంటారు. ఇంట్లో పెట్టుకోమంటే ఎవరూ ముందుకు రారు."

"వస్తార్లెండమ్మా. బెంగెట్టుకోకండి."

వర్షాలు తగ్గుతున్న రోజుల్లో ఒకరు వస్తామన్నారు. పడమటి వైపు ఒక ఊళ్లో కొత్తగా కడుతున్న మ్యూజియం వాళ్లు. ఇలాంటి నౌక కోసమే గుండ్రటి హాలు ఒకటి వదిలిపెట్టారట. ఆ కబురు చెబుతూ నీరజ టీ కూడా తాగలేదు.

"గురువారం వస్తున్నారు పిన్నీ. చూసి సరేనంటే బతికిపోయినట్టే. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. మీరే కనిపెట్టుకుని ఉండాలి."

"నాను సూసుకుంతాను గదా."

ముట్టకూడదన్న మాట అప్పాయమ్మకు కొత్తేం కాదు. మ్యూజియంలో ప్రతి అద్దాల పెట్టె మీదా అదే రాసి ఉంటుందని, కాపలావాళ్లు పిల్లల మీద అరిచే అరుపులను బట్టి ఆమెకు తెలుసు. ఆ పెట్టెలన్నీ రోజూ తుడిచేది మాత్రం ఆమే. ముట్టకూడనివాళ్లు వేరే, తుడిచే చెయ్యి లెక్కలోకి రాదు. ఎవరూ అన్నప్పుడు ఆ ఎవరూలో తనను ఎవరైనా కలుపుతారని ఆమెకు తోచలేదు.

అలా తననూ కలిపింది ఒక్కసారే. ఆమె పెనిమిటి బంగారయ్య మురుగు గొట్టంలోకి దిగి మళ్లీ తనంతట తాను పైకి రాలేదు. కాంట్రాక్టరు మనుషులు తాడేసి లాగితే మొహం నుంచి కాళ్ల దాకా నల్లటి బురద. ఆసుపత్రిలో ముట్టకూడదన్నారు. పోస్టుమార్టం కోత అయ్యాక ప్లాస్టిక్కులో చుట్టి ఇచ్చి విప్పొద్దన్నారు. స్నానం లేకుండా, ఆ బురదతోనే ఘాట్‌లో కాల్చేశారు. కట్టుకున్నవాడికి చెంబెడు నీళ్లు పోయలేకపోయానన్న దిగులు అప్పాయమ్మకు ఇప్పటికీ పోలేదు. ఈ సంగతి నీరజకు కూడా చెప్పలేదు. టీ వేళకు చెప్పుకునే కబురా అది?

బుధవారం విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఆ రోజు తిరిగే చక్రం ఉన్న ప్రతిదానికీ పండగే. వర్క్‌షాపులో లేతు మిషను కడిగారు, డ్రిల్లు కడిగారు, సామాన్లు మోసే వ్యాను కడిగి దండేశారు, ఆఖరికి నీళ్ల మోటారుకి కూడా సింధూరం పెట్టారు. ఖిచుడీ తిని మగవాళ్లంతా గాలిపటాలతో మేడెక్కారు. నీరజ రాబోయే అతిథుల బస చూడటానికి వెళ్లింది.

అప్పాయమ్మ షెడ్డు ముందు నిలబడింది. అన్నిటికీ స్నానాలయ్యాయి. ఇదొక్కటే మసితో కూర్చుంది. తెల్లారితే చూసేవాళ్లు వస్తారు. పెద్దాఫీసరు వస్తున్నాడంటే తెల్లారకముందే వీధి పొడుగునా బ్లీచింగు చల్లిన మనిషి ఆమె. చూడవచ్చేవాళ్ల ముందు మురికి పెట్టడం ఎక్కడుంది?

రబ్బరు గొట్టం లాక్కొచ్చింది. ముందు నీళ్లు. తర్వాత సబ్బు, కొబ్బరి పీచు. దానికీ పోని చోట బాత్రూములు కడిగే యాసిడ్. మసి పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చింది. "ఓలప్పో, ఎంత కాలిపోనావో. ఇదిగో, అయిపోతంది, అయిపోతంది," అంటూ తోమింది. ఆ మాటలు ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. నల్లటి నీళ్లు షెడ్డు దాటి కాలవలోకి పోయాయి. చివరికి పసుపు రాసి, సింధూరం బొట్టు పెట్టి, చెంబెడు మంచినీళ్లు పైనుంచి పోసింది. చాలా ఏళ్ల తర్వాత ఆ రాత్రి ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

గురువారం వచ్చిన పెద్దమనిషి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల నౌక పాలిపోయిన మట్టి రంగులో, బొట్టు పెట్టుకుని, శుభ్రంగా ఉంది. నీరజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్లు వచ్చింది ఆ కాలిన పొర కోసం. మంటల్లోంచి ఎలా దాటి వచ్చిందో ఆ మసిలో, ఆ పగుళ్లలో పిల్లలకు చూపించాలని వచ్చారు. "ఇలాంటిది మేము ఫైబరుతో చేయించుకోగలమండీ," అన్నాడాయన ఇంగ్లీషులో, మర్యాదగానే. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

గోడ వారగా మురిపెంగా నిలబడ్డ అప్పాయమ్మకు మాటలు అర్థం కాలేదు. నీరజ మొహం మాత్రం అర్థమైంది.

"ఎవరు కడిగారు పిన్నీ?"

"నానేనమ్మా. నిన్న అన్నిటికీ సేసినారు గదా. పాపం దీనికెవలూ సెయ్యనేదు."

"ఎవరూ ముట్టకూడదని చెప్పాను కదా!"

"ఎవల్నీ ముట్టనివ్వనేదమ్మా. నాను తప్ప ఎవలూ రానేదు."

నీరజ ఆమె చేతుల వంక చూసింది. యాసిడ్‌కి వేళ్ల చర్మం ఒలిచిపోయి ఉంది. నాలుగు మాటలని ఉంటే బాగుండేది. తిడితే అప్పాయమ్మ ఏడ్చేది, ఏడిస్తే అయిపోయేది. నీరజ వెనక్కి తిరిగి బయటకు నడిచింది.

డైరెక్టరు సంజాయిషీ అడిగితే, తప్పు తనదేనని, పనివాళ్లకు సరిగా చెప్పలేదని నీరజ ఒప్పుకుంది. అప్పాయమ్మ ఉద్యోగం పోలేదు. నీరజను మంచి మనిషి కాదని ఎవరంటారు? కానీ ఆ రోజు నుంచి టీ వేళకు ఆమె గది తలుపు వేసి ఉండేది. అప్పాయమ్మ కాసేపు నిలబడి, తుడిచిన గడపనే మళ్లీ తుడిచి వెళ్లిపోయేది. అసలు జరిగిందేమిటో గేటు దగ్గరి కాపలాదారు చెప్పాడు, అందరూ దాదా, అంటే అన్నా, అని పిలిచే మనిషి. కాలింది కాబట్టే దానికి విలువట, కడిగేస్తే ఉత్త డొక్కు రేకేనట.

"కాలిపోడంలో గొప్పేటి?" అంది అప్పాయమ్మ. దాదాకు తెలుగు రాదు.

పూజల ముందు, వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం క్రేను వచ్చింది. నౌక గోదాముకి పోతోంది. పట్టీలు బిగించి మెల్లగా లేపారు. ఇనుప పీఠానికి ఆనుకుని ఉన్న చోట, అడుగున, చుట్టూ బెత్తెడు వెడల్పున ఒక నల్లటి పట్టీ బయటపడింది. కాలి, పగిలి, అంచున సముద్రపు ఉప్పు తెల్లగా అంటుకుని ఉంది. నీరజ దాని కిందికి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడింది. కళ్ల నిండా నీళ్లు.

అప్పాయమ్మ చీపురు గోడకు ఆనించి దగ్గరకు వెళ్లింది. ఎందుకో ఆమెకు ఆశ పుట్టింది.

"అక్కడ నా సెయ్యి అందనేదమ్మా," అంది.

నీరజ చూపు తిప్పలేదు.

"ఠీక్ ఆఛే మాశీ," అంది. "తుమి జాఓ."

సరే, నువ్వు వెళ్లు అని. ఆ గొంతులో కోపం లేదు. ఆ మ్యూజియంలో అందరూ ఆమెతో మాట్లాడే గొంతే అది.